చేపల పెట్టెల్లో బార్లీ గడ్డి

బార్లీ గడ్డిని మనుషులు మూడు రకాలుగా పుచ్చుకుంటారు. పొడిగా, మాత్రలుగా, రసంగా. పశువులు ఒకే రకంగా తింటాయి కాబట్టి వాటికి డబ్బా వెనక ఏం రాశారో చదివే బాధ లేదు. ఈ మాట ఒకసారి కౌంటర్లో నిలబడి పైకే అనేశాను. మా షాపు యజమాని ఆశిష్‌దా కళ్లజోడు మీది నుంచి ఉరిమి చూశాడు.

ఆశిష్‌దాది ఖిదిర్‌పూర్ బజారులో మందుల షాపు. అందులో నేను పదకొండేళ్లుగా కౌంటర్ చూస్తున్నాను. పేరు అప్పలలక్ష్మి. ఇక్కడి బెంగాలీవాళ్లకి ‘అప్పల’ దగ్గర నోరు తిరగదు, లక్ష్మిని లొక్ఖీ చేసి సరిపెట్టుకున్నారు. డాక్టరు చేతిరాత చదవగలను, దొంగ చీటీ పసిగట్టగలను, నిద్రమాత్రల కోసం వచ్చేవాడి అబద్ధం వాడు నోరు తెరవకముందే చెప్పగలను. అంత తెలివైనదాన్నని ఎందుకు చెప్తున్నానో చివరికి మీకే తెలుస్తుంది.

పోయిన దసరా పూజల ముందు షాపులోకి ఆకుపచ్చ డబ్బాలు దిగాయి. పది రోజుల్లో అరలో సగం అవే. జనానికి ఏమైందో తెలియదు గాని అందరికీ ఒకేసారి గడ్డి మీదికి మనసు పోయింది. వాళ్లకి చెప్పడానికి నేనొక పాఠం తయారుచేసుకున్నాను. మలబద్ధకం ఉంటే మొత్తం ఆకు ఎండబెట్టి దంచిన పొడి తీసుకోండి, పీచు అందులోనే ఉంటుంది. రసం తీసి ఎండబెట్టిన పొడి ఖరీదెక్కువ, నీళ్లలో తొందరగా కరుగుతుంది, పీచు మాత్రం ఉండదు. రుచి భరించలేనంటే మాత్రలు, కాకపోతే ఒక చెంచా పొడికి సరిపడా కావాలంటే గుప్పెడు మింగాలి. గోధుమ పడనివాళ్లయితే గింజ కలవలేదని డబ్బా మీద రాసుందో లేదో చూసుకోండి. ఇంతా చెప్పాక, "దీంట్లో అసలేముంది దిది?" అని ఎవరో ఒకరు అడిగేవారు. "మా తోటకూరలో ఉన్నదే ఇందులోనూ ఉంది. పాపం తోటకూరకి డబ్బా లేదు" అనేదాన్ని. వాళ్లు నవ్వి డబ్బా కొనుక్కుపోయేవారు.

ఇక మా ఇంట్లో తోటకూర సంగతి చెప్పాలి.

మా అయ్య గవరయ్య ముప్పై నాలుగేళ్లు ఓడరేవు డాకులో క్రేను తోలాడు. మూడేళ్ల కిందట గుండెలో వాల్వు చెడిపోతే లోహపుది వేశారు. "నా గుండెకి వాషరు మార్చేరు" అని వీధంతా చెప్పుకున్నాడు. ఆ వాషరు దగ్గర రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వెయ్యాలి, నెలకోసారి రక్తపరీక్ష చెయ్యాలి. అందులో వచ్చే నంబరు రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. పైకి పోతే రక్తం కారుతుంది, కిందికి పోతే గడ్డ కడుతుంది. గడ్డ మెదడుకి పోతే మనిషి మంచాన పడతాడు, లేదా పోతాడు. ఆకుకూరలు ఆ నంబర్ని కిందికి లాగుతాయి. అందుకని మా అమ్మ జగ్గమ్మ ఇంట్లోకి ఆకన్నది రానివ్వలేదు. తోటకూర, గోంగూర, పాలకూర, బచ్చలి, కాబేజీ అన్నీ బంద్. కరివేపాకు పోపులో వేసి, ఆయన కంచంలో పడ్డ రెబ్బల్ని ఏరి మరీ పారేసేది.

ఆయనకేమో తోటకూర పులుసంటే ప్రాణం. రోజూ అన్నం ముందు కూర్చుని అదే అడిగేవాడు.

"ఏటి కూర?"

"ఆనపకాయ."

"తోటకూరేదీ?"

"సచ్చిపోనాది."

మూడేళ్లలో ఈ ముక్క ఒక్క రోజూ తప్పలేదు. పక్కవాటా పుష్పరాణి అత్త ఇంట్లో తోటకూర పులుసు కాగితే మా అయ్య వెళ్లి వాళ్ల గుమ్మం దగ్గర నిలబడి వాతావరణం గురించి మాట్లాడేవాడు. అమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది.

అలాంటి ఇంటికి మంగాదేవిగారు వచ్చారు. ఆవిడ భర్త బ్యాంకులో పెద్ద ఆఫీసరు, న్యూ అలీపూర్‌లో ఉంటారు. మా డాకు వీధుల్లోకి ఆవిడ ఏడాదికోసారి, దసరాకి చీరలు పంచడానికి వచ్చేవారు. ఈసారి చీరలు లేవు, ఆకుపచ్చ డబ్బాలున్నాయి. మా మేడ మీద ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టి, సీసాలో నీళ్లూ పొడీ పోసి, మూత బిగించి గిలక్కొట్టారు. చెరువు మీద పాచి రంగులో తయారైంది.

"షుగరు, బీపీ, కొలెస్ట్రాలు, జుట్టు రాలడం, చర్మం ముడతలు... అన్నిటికీ ఇదొక్కటే అమ్మా. ఒంట్లో మలినాలన్నీ కడిగేస్తుంది. నేచురల్. సైడెఫెక్టులుండవు."

"తాగుడు తగ్గుద్దేటండీ?" ఎవరో వెనక నుంచి అడిగారు.

"అదీ తగ్గుతుంది."

ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేను మందుల షాపులో పనిచేస్తాను కాబట్టి నన్ను సాక్ష్యానికి పిలిచారు. "లక్ష్మీ, నువ్వు చెప్పు. పొడి మంచిదా, మాత్రలా?" నేను నా పాఠం అప్పజెప్పాను. అమ్మలక్కలంతా నోళ్లు తెరుచుకుని విన్నారు. గర్వంగానే అనిపించింది, ఒప్పుకోవాలి.

అమ్మ మాత్రం డబ్బా మీద బొమ్మనే చూస్తోంది.

"అమ్మగారూ, ఇది బార్లీయేనేటండి? గుంటలకి జొరమొస్తే కాసి పోస్తాం, అదేనా?"

"అదే జగ్గమ్మా. దాని లేత గడ్డి."

"అయితే నారన్నమాట. నారుకి డబ్బా ఎందుకండీ?"

మంగాదేవిగారి నవ్వు కొంచెం వాడింది. మా అమ్మ శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, పెళ్లయ్యేదాకా పొలంలో నారు పోసిన మనిషి. నలభై ఏళ్లుగా సిమెంటు మీద బతుకుతోంది. ఆ సాయంత్రమే బజారులో పూజసామాన్ల కొట్టుకి వెళ్లి కిలో బార్లీ గింజలు తెచ్చింది. ఏం పూజ అని కొట్టువాడు అడిగితే "మా ముసలోడి పూజ" అందట.

పెట్టెలు డాకు పక్క చేపల బజారు నుంచి వచ్చాయి. మన ఆంధ్రా నుంచి లారీల్లో చేపలు దిగే తెల్ల థర్మోకోల్ పెట్టెలు. అమ్మ వాటికి అడుగున బెజ్జాలు పొడిచి, గంగమట్టి నింపి, నానిన గింజలు చల్లి గోనెపట్టా కప్పింది. "నారు పోసినోడు నీరు పొయ్యడేటి" అంటూ పూటపూటా నీళ్లు చిలకరించింది. పది రోజులకి మేడ మీద తొమ్మిది పెట్టెల్లో జానెడు పచ్చని గడ్డి లేచింది. దాని ముందు అమ్మ మొహం చూస్తే నాకు ముచ్చటేసింది. ఈ ఊళ్లో ఆమె చేత్తో మొలిచిన మొదటి పంట అది.

కత్తెరతో కోసి, మిక్సీలో వేసి, అయ్య పాత పంచెలో పిండితే రసం దిగింది. పొడి వద్దు, మాత్రలు వద్దు, మా ఇంట్లో మూడో రకం. తాజాది, కాస్త చేపల వాసనతో. ఆ వాసన వల్లనే కాబోలు కింది వాటాలో బెంగాలీ వాళ్లకి తెగ నచ్చింది. తెల్లారేసరికి రిటైరైన డాకువాళ్లంతా స్టీలు గ్లాసులు పట్టుకుని మెట్ల మీద బారులు తీరేవారు. మొదటి గ్లాసు మాత్రం మా అయ్యదే. పంట వేసినావిడ భర్త కదా.

"నలభయ్యేళ్లు కూడెట్టింది. ఇప్పుడు గడ్డెడతంది. రేపు మెడకి పలుపేస్తాది" అని గొణుక్కుంటూ ముక్కు మూసుకుని తాగేవాడు. నేను పక్కనే టీ తాగుతూ పగలబడి నవ్వేదాన్ని. రోజూ చూశాను. రోజూ నవ్వాను.

మొదటి నెల నంబరు రెండు పాయింటు ఒకటి వచ్చింది. రెండో నెల ఒకటి పాయింటు ఏడు. డాక్టరుబాబు మాత్ర మోతాదు పెంచి, మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి అడిగాడు. మాత్ర మానేశారా? లేదు. వేరే మందులేమైనా? లేవు. ఆకుకూరలు ఎక్కువయ్యాయా? అమ్మకి ఆ ప్రశ్నే పెద్ద అవమానం.

"ఆకు మా గడప తొక్కలేదు బాబూ. దేవుడి మీదొట్టు."

కోపంలో తెలుగులోనే అనేసింది. నేను దాన్ని ‘ఎక్కువేం కాలేదు’ అని బెంగాలీలోకి మార్చి, నా వంతు ఒట్టు కూడా కలిపి చెప్పాను. ఎవరికీ గడ్డి గుర్తు రాలేదు. గడ్డి మందూ కాదు, కూరా కాదు కదా. ఆయన ఇచ్చిన ఆకుకూరల కాగితంలో లేదు కదా.

నాకు అయ్య మీదే అనుమానం. ఇంటికొచ్చి నిలదీశాను.

"నిజం సెప్పు అయ్యా. పుష్పరాణత్త ఇంట్లో తోటకూర తిన్నావా లేదా?"

"పైడితల్లమ్మ మీదొట్టు, తిన్లేదు."

"మరి నంబరెందుకు పడిపోనాది?"

"నన్నడుగుతావేటి? నా రకతంలో కూకుని నానేటి లెక్కెడతన్నానా?" అన్నాడు. తరవాత మెల్లగా అన్నాడు, "మూడేళ్ల బట్టి జైల్లో ఎట్టేరు. ఇప్పుడు దొంగతనం కూడా కట్టేరు. బాగుంది."

ఆయన మొహం చూడలేకపోయాను. అయినా నమ్మలేదు. పుష్పరాణి అత్త దగ్గరికి వెళ్లి, మా అయ్యకి ఏమైనా పెడితే నీ మీద కేసు పెడతానని బెదిరించి వచ్చాను. ఆవిడ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు, అందులో ఆవిడ తప్పేం లేదు.

తరవాతి గురువారం. షాపులో ఒక పెద్దాయన డబ్బాలు తిప్పి తిప్పి చూస్తున్నాడు. పొడి ఇలాగ, మాత్రలు అలాగ అని నా పాఠం నడుస్తోంది. ఫోను మోగింది. అమ్మ.

"లచ్చిమీ, కంగారేటీ నేదు. మీ అయ్య సేతిలో గ్లాసు జారిపోనాది. కుడి సెయ్యి తిమ్మిరెక్కిందంట, మాట కూడా ముద్దగా వచ్చింది. అయిదు నిమిసాల్లో సర్దుకున్నాది. నీరసం. ఇంకో గ్లాసు చిక్కగా పిండి పోసేను."

"పడుకోబెట్టు, వస్తన్నాను" అని పెట్టేశాను. సంచి భుజానికి తగిలించుకున్నాను. కౌంటర్ అవతల పెద్దాయన డబ్బా ఎత్తి పట్టుకుని, "అసలు ఇందులో ఏముంది దిది?" అన్నాడు.

"మా తోటకూరలో ఉన్నదే..." అన్నాను.

నోరు అక్కడే ఆగిపోయింది. మూడు నెలలుగా రోజుకి పదిసార్లు అన్న మాట. పదకొండేళ్లు మందుల మధ్య బతికిన నేను, నా నోటితో నేనే జవాబు చెప్తూ, ఇంట్లో మా అయ్యని దొంగని చేశాను. పెద్దాయన చేతిలోంచి డబ్బా లాక్కుని వెనక్కి తిప్పాను. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. రక్తం పలచనయ్యే మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా వాడరాదు. నేనా డబ్బాలు వందలు అమ్మాను. ఆ వరస ఒక్కసారీ చదవలేదు.

ఆటో ఎక్కడ ఎక్కానో, ఎంతిచ్చానో గుర్తు లేదు. ఇంటికెళ్లేసరికి మా అయ్య పడుకోలేదు సరికదా, మేడ మీద ముక్కాలిపీట వేసుకుని, మధ్యాహ్నం గ్లాసుల కోసం కత్తెరతో గడ్డి కోస్తున్నాడు. కత్తెర ఎడమచేతిలో ఉంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆయన్ని మెట్లు దింపి ఆస్పత్రికి తీసుకుపోయాను.

స్కానులో చూసి, గడ్డ చిన్నది, దానంతటదే కరిగిపోయింది, అదృష్టవంతుడు అన్నారు. రక్తం పలచన చేసే సూదులు మొదలుపెట్టారు. నంబరు ఒకటి పాయింటు మూడు. డాక్టరుబాబుకి నేను గడ్డి సంగతంతా చెప్పాను. చేపల పెట్టెలతో సహా. ఆయన కాసేపు నుదురు పట్టుకున్నాడు.

"పొడా, మాత్రా, రసమా అన్నది ఈయన విషయంలో అనవసరం. ఏ రూపమైనా ఇదొక ఆకుకూర. అదీ గ్లాసుడు రసం! రోజూ ఒకే కొలత ఉండాలని మొదటి రోజే చెప్పాను కదా. చిన్న గిన్నెడు ఆకుకూర రోజూ పెట్టండి, దానికి తగ్గట్టు నేను మాత్ర సర్దుతాను అని."

నేను దాన్ని అలవాటుగా తెలుగులోకి మార్చడం మొదలుపెట్టి మధ్యలో ఆగాను. మూడేళ్ల కిందట ఆ మొదటి రోజు నేను లేను. షాపు నుంచి సెలవు దొరకలేదు. అమ్మ ఒక్కతే ఉంది. నలభై ఏళ్లు ఈ ఊళ్లో ఉన్న మనిషికి బెంగాలీ నాకంటే బాగా తెలుసు.

"అమ్మా, గిన్నెడు పెట్టొచ్చన్నారా?"

అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "అన్నారు."

"మరి?"

"ఈ మడిసికి గిన్నెడంటే తెల్దు. గిన్నెడెడితే కుండడు తింతాడు. అందుకే మొత్తం నేదనేసేను."

మంచం మీద మా అయ్య అంతా విన్నాడు. కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆస్పత్రిలో తొమ్మిది రోజులున్నాం. నాలుగో రోజు మంగాదేవిగారు యాపిల్ పళ్లూ ఒక డబ్బా తీసుకుని పరామర్శకు వచ్చారు. ఆవిడకి డాక్టరు చెప్పిందంతా చెప్పాను. "అయ్యో, నేచురల్ కదమ్మా, నేచురల్‌గా ఉన్నది ఎలా..." అని నసిగారు. అమ్మ లేచి నిలబడి, ఎప్పటిలాగే చేతులు జోడించింది.

"అమ్మగారూ, డబ్బా అట్టుకెల్లిపోండి. యాపిల్లుంచండి."

నంబరు దారికొచ్చాక ఇంటికి తెచ్చుకున్నాం. నేనిప్పుడు ఎవరు గడ్డి డబ్బా ముట్టుకున్నా, పొడా మాత్రలా అని అడగను. ఇంట్లో ఎవరైనా రక్తం పలచనయ్యే మాత్ర వేస్తున్నారా అని అడుగుతాను. ఆశిష్‌దా గొణుగుతాడు. గొణగనీ. మెట్ల మీద గ్లాసులతో వచ్చేవాళ్లని కూడా ఒక్కొక్కర్నీ పట్టుకుని, వాళ్ల మందుల సంచులు విప్పించి చూశాను. ఇంకెవరికీ ఆ మాత్ర లేదు. ఆ రోజు నాకు నిద్ర పట్టింది.

ఇంట్లో మాత్రం ఒకటి మారిపోయింది. అయ్య మాట్లాడుతున్నాడు, బీడీ కోసం పోట్లాడుతున్నాడు, పేపరు చూసి తిడుతున్నాడు. అన్నం ముందు కూర్చుంటే మాత్రం నోరెత్తడు. ఏటి కూర అని అడగడు. ఏది పెడితే అది తిని చెయ్యి కడుక్కుంటాడు. అమ్మ గరిటె పట్టుకుని, కాసేపు అలాగే నిలబడి చూసి, వంటింట్లోకి పోయేది. ఒక రోజు ఉండబట్టలేక తనే అంది, "ఈయేల బీరకాయ." ఆయన తలెత్తలేదు.

ఆ మధ్యాహ్నమే అమ్మ మేడెక్కి తొమ్మిది పెట్టెల్లో గడ్డీ పీకి పారేసింది. కొత్త గింజలు చల్లింది. ఏమిటని నేనడగలేదు. మూడు వారాలకి ఎర్రకాడల తోటకూర లేచింది. నేను డాక్టరుబాబుకి ఫోను చేసి అడిగాను. చిన్న గిన్నెడు, రోజూ అంతే, కొన్నాళ్లు వారం వారం పరీక్ష అన్నాడు.

ఆ రోజు అన్నంలోకి తోటకూర పులుసు. గడ్డిరసం పోసిన స్టీలు గ్లాసులూ, పిండిన పంచె ముక్కా ఎక్కడికి పోయాయో కనబడలేదు. అమ్మ చిన్న గిన్నె నిండా పులుసు పోసి ఆయన కంచం పక్కన పెట్టింది. వాసనకి పుష్పరాణి అత్త తలుపు తీసి తొంగి చూసింది.

అయ్య ఆ గిన్నె ముట్టుకోలేదు.

"మూడేళ్లు" అన్నాడు. "మూడేళ్లు అడిగేను కదే. రోజూ అడిగేను. పెట్టొచ్చని నీకు తెలుసును."

అమ్మ ఆయన ఎదురుగా నేల మీద కూలబడింది.

"తెలుసును. అడిగినప్పుడల్లా ఎట్టేద్దునా అనిపించీది. భయమేసీది. వాషరేసినప్పుడు ఆస్పత్రిలో నువ్వు గొట్టాలెట్టుకుని కదలకుండా పడుంటే సూసేను నాను. ఇంటికొచ్చిన రోజు కంచం ముందు కూకుని తోటకూరేదీ అన్నావు. అమ్మయ్య, నా మడిసి నాకొచ్చేసేడనుకున్నాను. ఆ బట్టి నువ్వు రోజూ అడగడం, నాను నేదండం... అడుగుతున్నావంటే ఉన్నావని నాకు. ఇప్పుడు నువ్వడగటం మానేసేవు. నాకు కూడు సగించట్లేదు."

అయ్య గిన్నెని దగ్గరికి లాక్కున్నాడు. తరవాత దాన్ని అన్నంలోకి ఒంపుకుని, కుడిచేత్తో కలిపి, తల వంచుకుని తిన్నాడు. కాడలు నమిలి పిప్పి పక్కన పెట్టాడు. గిన్నె వేలితో తుడిచి నాకాడు. ఖాళీ గిన్నెని అమ్మ వైపు తోశాడు.

"ఇంకో గరిటె ఎయ్యి."

"ఎయ్యను" అంది అమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.